అమ్మ తలాపున నల్లరాయి

నా చిన్నప్పుడు, అమ్మను పాతిపెట్టిన నెలలోనే పెద్ద వాన కురిసి ఆమె సమాధి మీది మట్టిదిబ్బ కరిగిపోయింది. మా ఊరు కోస్గికి దగ్గర. ఇప్పుడది నారాయణపేట జిల్లా. పేర్లు చెక్కించే స్తోమత మా వాళ్లలో ఎవరికీ లేదు. తలాపున ఓ రాయి పెట్టేవాళ్లు. అన్నీ ఒకే తీరు రాళ్లు. ఇంకో వాన పడితే అమ్మ ఎక్కడుందో తెలియకుండా పోతుందని నేను అన్నం మానేశాను.

అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, అప్పుడు టీచర్ ట్రైనింగ్ చదువుతుండేది. ఆమె నన్ను బుజ్జగించలేదు. సుత్తె తీసుకుని, సమాధుల దగ్గర ఒక్కటి కూడా లేని రకం రాయి వెతుకుదాం రమ్మని వాగు అవతలి రేగడి చేన్లకు తీసుకెళ్లింది. అక్కడ నల్లరాయి దొరుకుతుందట.

నేను పరుగెత్తి నల్లటి రాయి ఒకటి చూపించాను. చిన్నమ్మ దాన్ని పగలగొట్టింది. లోపల ఎర్రటి, తెల్లటి పలుకులు మెరిశాయి. మామూలు గ్రానైటే, పాచి పట్టి పైన నల్లబడింది.

"మొఖం జూసే సంబంధం ఖాయం జేస్తవానే?" అని నవ్వింది. అమ్మ పోయాక మా ఇంటివాళ్లు నవ్వగా వినడం అదే మొదలు.

తర్వాత తుప్పు రంగులో ఉన్న రాయిని కొట్టింది. లోపల చిక్కటి నలుపు. కంటికి పలుకు ఆనలేదు. అక్కడక్కడ చిన్న బొక్కలు. రెండు రాళ్లవీ ఒకే అంత ముక్కలు నా చేతుల్లో పెట్టి ఏది బరువో చెప్పమంది. నల్లదే బరువు. దాన్ని బసాల్టు అంటారని, భూమి లోపలి నుంచి కరిగి పారి వచ్చి చల్లబడిందని, ఆ బొక్కలు అప్పటి బుడగలని చెప్పింది.

నాకు భయమేసింది. "అమ్మ కిందికెల్లి మళ్ల నిప్పొస్తదా చిన్నమ్మా?"

"ఈడ రాదు బిడ్డా. గది మనుషులు పుట్టకముందే సల్లారింది."

"మరి గీ రాయి ఎప్పటికీ ఉంటదా?"

ఉంటుందని చెప్పడం సులువు. ఆమె వంగి చేనులోని నల్లమట్టి పిడికెడు తీసింది.

"ఉండదు. గిది గూడ అరుగుతది. అరిగి అరిగి గీ రేగడైంది. కానీ నువ్వు ముసలిదానివైనంక గూడ ఉంటది. గంత చాలదా?"

చాలింది. ఆ నల్లరాయిని ఇద్దరం మార్చి మార్చి మోసుకొచ్చి అమ్మ తలాపున పాతాం. ఆ పూట అన్నం తిన్నాను.

పెద్దయ్యాక రాళ్ల గురించి కొన్ని పుస్తకాలు చదివాను. ఆమె చెప్పినదాంట్లో దిద్దాల్సింది కనబడలేదు. అయినా నాలో నిలిచింది రాళ్ల సంగతి కాదు, ఆ రోజు ఆమె అన్న "ఉండదు" అనే మాట.

చిన్నమ్మ ఈ ఎండాకాలం పోయింది. వచ్చినవాళ్లు ఆమె మనవరాలితో అవ్వ పండుకుందని చెప్పారు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, మళ్లీ లేస్తదా అని అడిగింది. లేవదని చెప్పి, పక్కన కూర్చోబెట్టుకున్నాను.