ఎడమ చెయ్యి ఎత్తిన పిల్లి

మా ఇంటి ముందు తలుపు పక్కన, చెప్పుల అర పైన, జానెడు ఎత్తు పింగాణీ పిల్లి ఉండేది. తెల్లటి ఒళ్లు, మెడకి ఎర్ర పట్టీ, బంగారు రంగు గంట, పైకెత్తిన ఒక చెయ్యి. ఆసుపత్రి ల్యాబ్‌లో నేను రిటైరైన రోజున, నా పక్క బల్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన జపాన్ ఆవిడ ఇచ్చింది. కుడి చెయ్యి ఎత్తిన పిల్లి డబ్బుని పిలుస్తుందట, ఎడమ చెయ్యి ఎత్తినది మనుషుల్ని పిలుస్తుందట. నాకు రెండోదే ఇవ్వాలని వెతికి తెప్పించానని చెప్పింది. ఆ సాయంత్రం డైరీలో అదంతా రాసుకున్నాను. ఒకసారి పాస్టర్‌గారి భార్య దాన్ని చూసి, "ఇదేంటి ఆంటీ, విగ్రహమా?" అంటే, "బొమ్మేనమ్మా, హారతులేమీ ఇవ్వట్లేదులే" అన్నాను.

ప్రతి శనివారం దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేదాన్ని. కిందటేడు మంచు కరిగే రోజుల్లో ఒక శనివారం, తుడిచి పెడుతుంటే ఎత్తిన చెయ్యి గోడ వైపు కనిపించింది. ఎప్పుడూ కిటికీ వైపు ఉండేది.

"ఏమండీ, పిల్లి చెయ్యి మారిందండీ."

మా ఆయన వంటింట్లోంచే నవ్వారు. "చేతులు మార్చడానికి అదేమన్నా ట్రాఫిక్ పోలీసా?"

"ఎడమ చెయ్యండీ. డైరీలో కూడా రాశాను."

"ఎదురుగా నిలబడి చూసి రాసుంటావు. నీకు ఎడమ వైపంటే దానికి కుడి వైపు. అంతే కదా!"

ఒక మనిషి రక్తం సీసా మీద ఇంకొకరి పేరు పడకుండా చూడడమే ఉద్యోగమంతా నేను చేసిన పని. అలాంటిదాన్ని ఎడమా కుడీ పొరబడ్డానా? రెండు రోజులు డైరీ ముందేసుకుని, పిల్లినీ ఆ పేజీనీ మార్చి మార్చి చూశాను. మూడో రోజు "ఎడమ" కొట్టేసి పైన "కుడి" అని రాశాను. పెళ్లికి ముందు నుంచీ రాస్తున్న డైరీల్లో, రాసింది కొట్టేయడం అదే మొదటిసారి.

అక్కడి నుంచి నా మీద నాకే అనుమానం మొదలైంది. మాత్రలు వేసుకున్నానా లేదా అని డబ్బా తెరిచి రెండేసి సార్లు లెక్కపెట్టేదాన్ని. ప్రతి ఆదివారం ఇద్దరు పెద్దావిడల్ని నా కారులో తెలుగు చర్చికి తీసుకెళ్లడం అలవాటు. ఒక వారం హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయాను. అందరికీ జరిగేదే. నేను మాత్రం తర్వాతి ఎగ్జిట్‌లో దిగి కారు పక్కకి ఆపేశాను. ఇక డ్రైవ్ చేయనని చెప్పేశాను. వాళ్లలో ఒకావిడ ఫోన్‌లో, "నీకేమొచ్చిందే? నువ్వు నడుపుతుంటే నేను నిద్రపోతాను, మావాడు నడిపితే ప్రార్థన చేసుకుంటాను" అంది.

చివరికి మతిమరుపు జబ్బేమోనని డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మా ఆయనే తీసుకెళ్లారు. గడియారం గీయమన్నారు. ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగారు. ఐదూ చెప్పాను. బయటికొస్తే మా ఆయన లేచి నిలబడ్డారు.

"ఏమన్నారు?"

"అంతా బాగానే ఉందట."

"నేను చెప్పలేదూ!" అంటూ కారు తలుపు తీసి పట్టుకున్నారు. అలా ఎప్పుడూ చేసిన మనిషి కాదు. నా మీద జాలి అనుకున్నాను.

థాంక్స్‌గివింగ్‌కి మోరిస్‌విల్ నుంచి మా అమ్మాయి వచ్చింది. బూట్లు విప్పుతూ పిల్లిని చూసింది.

"సారీ మమ్మీ, లెఫ్ట్ హ్యాండ్‌ది సోల్డ్ అవుట్ అయిపోయింది. అందుకే రైట్‌ది ఆర్డర్ చేశా. నువ్వు ఓకే అన్నావని డాడీ చెప్పారు."

మా ఆయన చేతిలో దాని సూట్‌కేస్ ఉంది. మెల్లగా కింద పెట్టారు. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలి పాతది పగిలిందట.

"బాధపడతావని ఆ రోజు చెప్పలేదు. తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదు."

"డాక్టర్ గది బయట కూర్చున్నప్పుడు కూడా తెలీలేదా?"

"వెయిట్, ఏ డాక్టర్?" అంది మా అమ్మాయి.

బొమ్మ పగిలితే పగిలింది. అబద్ధం కూడా మొదటి రోజుది క్షమించగలను. కానీ నేను మాత్రలు లెక్కపెట్టుకోవడం ఆయన పొద్దున్నే కాఫీ తాగుతూ చూశారు. "కంగారుపడకు" అన్నారు. నెలల తరబడి నా భయాన్ని పోగొట్టగల ఒక్క మాట తన దగ్గరే పెట్టుకుని, నన్ను ఓదార్చారు.

ఆ ఆదివారం కారు తాళాలు నేనే తీసుకున్నాను. ఆ పెద్దావిడలిద్దరికీ వస్తున్నానని ఫోన్ చేశాను. ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. వీధి మలుపు దగ్గర అడిగాను:

"గ్యారేజ్ తలుపు వేశారా?"

"వేశాను."

ఇన్నేళ్లూ ఆ మాట విని ముందుకు పోయేదాన్ని. కారు వెనక్కి తిప్పాను. ఇంటి ముందు ఆపి చూశాను.

తలుపు వేసే ఉంది.