పామాయిల్ చౌకైన ఏడాది

గద్వాలలో ఒక పల్లినూనె మిల్లుల మా అమ్మ చాలా ఏండ్లు పనిచేసింది. మిషన్ల పోసే ముందు గింజల్లోంచి రాళ్లు, బూజు పట్టినవి ఏరడం అక్కడి ఆడవాళ్ల పని. వాళ్లందరిలో పాత మనిషి అమ్మే. ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కున్నా ఆమె చేతులకు పల్లీల వాసన పోయేది కాదు.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, బయటి దేశాల నుంచి వచ్చే పామాయిల్ మీద ప్రభుత్వం సుంకం తగ్గించింది. నూనె ధర మండిపోతున్న రోజులవి. పేపర్లో ఆ వార్త చూసి మంచిదే అనుకున్న. కొన్నాళ్లకే కిరాణా దుకాణాలనిండా పామాయిల్ ప్యాకెట్లు వచ్చినయి. హోటళ్లు, మిర్చి బండ్ల వాళ్లు దానికే మళ్లినరు. మిల్లుల పల్లినూనె డబ్బాలు కదలక గోడ పొడుగునా పేరుకుపోయినయి.

ఒక పొద్దున మిల్లు నడిపే సేటు ఆడవాళ్లందరినీ పిలిచిండు. చెడ్డ మనిషి కాదు, కానీ ఆ రోజు ఎవరి ముఖం చూడకుండానే మాట్లాడిండట.

"పని సగమే ఉంది. పాతోళ్లు ఉండుండ్రి. కొత్తోళ్లు ఇంకో తావు చూసుకోండ్రి."

కొత్తవాళ్లలో మానవపాడు దిక్కునుంచి వచ్చినామె ఒకతె. భర్త బొంబాయికి వలసపోయిండు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె జల్లెడ పక్కన పెట్టి లేచింది. అప్పుడు అమ్మ నోరు తెరిచింది.

"సేటు, పని సగముంటే మేం పంచుకుంటం. ఇయ్యాల ఒక జట్టు, రేపు ఇంకో జట్టు. ఎవ్వర్ని పంపకు."

"నీకేం పరేషాన్ అమ్మా? నువ్వు ఉంటవు గద."

"నేనొక్కదాన్ని ఉంటే అయితదా? వీళ్లు ఏడికి పోవాలె?"

అమ్మతోపాటే పనిల చేరిన ఒకామెకు ఈ మాటతో కోపమొచ్చింది. "నా ఇంట్ల తినే నోళ్లు ఎన్నున్నయో నీకు తెల్వదా? మమ్ముల అడగకుంట గట్ల ఎట్ల చెప్తవ్?"

అమ్మ పోయి ఆమె పక్కన గోనెసంచి మీద కూర్చుంది. "నిజమే, అడగకుంటనే అన్న. ఇప్పుడు అడుగుతున్న. చెప్పు."

అన్నం తినే యాళ్లదాకా ఆ మాటలే నడిచినయట. చివరికి ఆమె, "సరే. పని మల్ల వచ్చేదాకనే," అంది. సేటు కూడా ఒప్పుకున్నడు.

ఆ సాయంత్రం అమ్మ ఇదంతా చెప్పి, "సుంకమంటే ఏంది?" అని అడిగింది. సరుకు మన దేశంల అడుగుపెట్టేటప్పుడు తీసుకునే పన్ను అని, అది తగ్గితే బయటి సరుకు అగ్గువైతదని చెప్పిన. అమ్మ పొయ్యి మీది మూకుడు దిక్కు చూసింది.

"కొనేటోళ్లను ఏమంటం? మనింట్ల కాగేది గూడ గా నూనెనే గద."

నిజమే. ఆ వారం మేమూ పామాయిలే తెచ్చుకున్నం.

మిల్లు లేని రోజుల్లో ఏం చేయాలన్నది ఇంకో తిప్పలు. అయిజ దిక్కు విత్తనపత్తి చేన్లల్ల క్రాసింగ్ పని నడుస్తుండె. మగపూల పుప్పొడిని ఆడపూలకు అద్దే పని. అమ్మ అక్కడి రైతులతో మాట్లాడి, ఒక ఆటో కుదిర్చి, ఖాళీగా ఉన్న జట్టును దాంట్ల పంపేది. తన జట్టు వంతు వచ్చిననాడు ఆమె కూడా ఎండలో వంగి పూలు అద్దేది. నడుము నొప్పికి మందు రాసుకుంటూ కూడా ఎవరినీ తిట్టుకోలేదు.

ఏడాది దాటినాక సుంకం మళ్లీ పెరిగింది. డబ్బాలు కదిలినయి. సేటు రెండు జట్లనూ రోజూ రమ్మన్నడు. ఇద్దరు అప్పటికే హైదరాబాద్‌ల కట్టడం పనికి పోయిండ్రు, తిరిగి రాలేదు. మిగతా వాళ్లంతా వచ్చిండ్రు. మానవపాడు ఆమె కూడా.

నేనిప్పుడు నాగర్‌కర్నూల్‌ల కాలేజీ పిల్లలకు కామర్స్ చెప్తున్న. మోకాళ్లు సహకరించక అమ్మ మిల్లు మానేసింది. మొన్న ఆ మానవపాడు ఆమె అమ్మను చూడనీకె వచ్చింది. ఈ నడుమ పని మళ్లీ మందగించిందట.

"ఎవర్నన్న తీసేసిండ్రా?" అని అమ్మ అడిగింది.

"లేదక్కా, వంతులు ఏసుకున్నం. సేటు గూడ ఏం అడగలే," అని ఆమె టీ గ్లాసు అందుకుంది.