కాపర్ టీ, నాలుగో రోజు తలస్నానం

నల్లగొండ జిల్లా మూడు ముక్కలైన తర్వాతి ఏడాది సంగతి ఇది. పాపకు పది నెలలు నిండాయి, నాకు నెల తప్పింది. పన్నెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పదమూడో రోజు బహిష్టు వచ్చింది. బాత్రూంలో కూర్చుని సంతోషంతో ఏడ్చాను. పాప పుట్టింది పెద్దాపరేషన్‌తో, పైగా ఒంట్లో రక్తం తక్కువ. మూడేళ్లదాకా మళ్లీ కడుపు వద్దని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఇంట్లో అందరూ విన్నారు. గుర్తు పెట్టుకున్నది మాత్రం నేనొక్కదాన్నే. ఈ మూడేళ్లు నాకు కావాలని ఆ రోజే మనసులో గట్టిగా అనుకున్నాను.

తిరుమలగిరి దగ్గర మా అత్తగారి ఊరు. మా ఆయన మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తూ, అక్కడే కిరాయి గదిలో ఉండి, పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. జాగ్రత్త తనదే అన్నాడు. తెచ్చుకోవాల్సింది మరిచిపోయేవాడు, రావడం మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు. కడుపు రాకుండా రోజూ గోలీ మింగడం నా వల్ల కాలేదు. పాప సిరప్ పోయడమే సగం రోజులు మరిచేదాన్ని. ఊళ్లో ఆశా కార్యకర్త, "కాపర్ టీ ఏపిచ్చుకో, ఫికరుండదు" అంది.

ఆ మాట అత్తమ్మ చెవిన పడింది. "అది ఉన్నకాడ ఉండదు బిడ్డా, గుండెకు ఎక్కుతది. మా అక్క ఆడిబిడ్డకు గట్లనే ఎక్కింది" అని మొదలుపెట్టింది. ఆ ఆడబిడ్డను నేను అంతకుముందే ఒక పెళ్లిలో చూశాను. కాపర్ టీ గుండెకు ఎక్కిన మనిషి రెండుసార్లు అడిగి మరీ మటన్ వేయించుకుంది.

"పదిహేను దినాలకోసారి వచ్చేటోనికి గివన్నీ ఎందుకే?" అని కూడా అంది అత్తమ్మ.

"ఒక్కసారి చాలదా అత్తమ్మా?" అన్నాను. ఆమె మూతి తిప్పుకుని లేచిపోయింది.

రామన్నపేటలో ఉన్న మా అమ్మ ఫోన్‌లో ఇంకో దారి చూపించింది. "ఇంకొకడు పుట్టినంక ఆపరేషన్ చేపిచ్చుకో, రంది పోతది. మేమందరం గంతే." కనడం, కోయించుకోవడం, ఈ రెండే తెలుసు మా వాళ్లకు. మధ్యలో కొన్నాళ్లు ఆగడం అనేది ఒకటి ఉంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు.

దవాఖానలో సిస్టర్ ఒక కాపర్ టీని నా అరచేతిలో పెట్టింది. రాగి తీగ చుట్టి, కొసన సన్నటి దారంతో, అగ్గిపుల్లంత పొడవు కూడా లేదు. గుండెకు ఎక్కుతుందా అని అడిగేశాను. ఆమె నవ్వలేదు. "ఎక్కదమ్మా. ఎప్పుడన్న జారి కిందికి రావొచ్చు, అందుకే దారం చూసుకోవాలె. వద్దనుకున్ననాడు తీపిచ్చుకుంటే మళ్లీ కడుపు నిలుస్తది" అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. మొదటి కొన్ని నెలలు నొప్పి ఉండొచ్చు, బహిష్టు ఎక్కువ రోజులు కావచ్చు. నాకు రక్తం తక్కువ కాబట్టి ముందు రెండు నెలలు ఐరన్ గోలీలు మింగాలి, పరీక్ష చేశాకే వేస్తారు.

రెండు నెలలే కాబట్టి ఆ గోలీలతో ఇబ్బంది లేదు. రోజులతోనే వచ్చింది చిక్కు. మా ఇంట్లో ముట్టయితే మూడు రోజులు వసారాలో ఉండాలి. కంచం, గ్లాసు వేరు. నాలుగో రోజు తలస్నానం చేశాకే వంటింట్లో అడుగు పెట్టాలి. ఆ లెక్క అత్తమ్మ దగ్గర ఉంటుంది. నొప్పి దాచుకోవచ్చు, రోజులెట్లా దాస్తాను?

మా ఆయన "ఏపిచ్చుకో, గని అమ్మకు చెప్పకు" అన్నాడు.

"ఏడో దినం గూడ వసారల్నే ఉంటే ఏం చెప్పాలె? నువ్వు చెప్తవా?"

"షిఫ్ట్ టైమైంది" అని ఫోన్ పెట్టేశాడు.

నాలుగో రోజు తలస్నానం చేసి, అయిపోయిందని అబద్ధమాడి లోపలికి వెళ్లొచ్చు. వెళ్లేవాళ్లు లేకపోలేదు. నాకది నచ్చలేదు. నా ఒంటి సంగతి నేను దొంగతనంగా ఎందుకు దాచుకోవాలి? ఒక పొద్దున అత్తమ్మ తోటకూర ఏరుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నేను గోలీలు మింగుతూనే ఉన్నాను, రెండు నెలలకు వేయించుకున్నాను.

మొదటి నెల ఎనిమిది రోజులైంది. ఎనిమిది రోజులూ వసారాలోనే కూర్చున్నాను. అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని వండింది. ఎనిమిదో రోజు పక్కింటి పెద్దమ్మను పిలిచి పంచాయితీ పెట్టింది. "గిది ముట్టు లెక్కకొస్తదా, రాదా?" పెద్దమ్మ చాలాసేపు ఆలోచించి, "రాగితోని అయ్యేది గాయమే కదనే. కాలికి ముల్లు గుచ్చుకుంటే బయట కూసుంటమా?" అంది. మొదటి మూడు రోజులు ముట్టు, మిగతావి గాయం అని ఇద్దరూ తేల్చారు. గుండెకు ఎక్కే వస్తువు అరగంటలో కాలి ముల్లయింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను, నన్నొక్క మాట అడగలేదు.

మూడో నెలలో నడుము నొప్పికి నేనే జంకాను. తీయించేసుకుందామా అనిపించింది. దవాఖానకు అత్తమ్మ కూడా వెంట వచ్చింది. సిస్టర్ పరీక్ష చేసి, ఒంట్లో రక్తం తగ్గలేదంది. నొప్పి, రోజులు మెల్లగా తగ్గుతాయంది. "ఉంచమంటవా, తీయమంటవా?"

"తీయుండ్రి" అంది అత్తమ్మ.

"నేను ఆమెను అడుగుతున్న" అంది సిస్టర్, నావైపే చూస్తూ.

పెళ్లప్పుడు గానీ, పాప కడుపున పడ్డప్పుడు గానీ నన్నెవరూ ఇట్లా అడగలేదు. "ఉంచుండ్రి" అన్నాను.

ఆ రోజు నాకు బహిష్టు రెండో రోజు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించాను. అత్తమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "అయ్యో, ఇయ్యాల రెండో దినమే గదనే!"

"నా దినాలు ఇగ నేనే లెక్కపెట్టుకుంట అత్తమ్మా. నువ్వు జర కూసో." బియ్యం కడిగి ఎసట్లో పోశాను.

కాపర్ టీ నాలుగేళ్లు ఉంది. ఐదో ఏడు, పాపను బడిలో దించి, నేనొక్కదాన్నే వెళ్లి తీయించుకున్నాను. ఎందుకు తీయమంటున్నావని సిస్టర్ అడిగింది. "ఇప్పుడు నాకు ఇంకో బిడ్డ కావాలె" అన్నాను. కావాలని నేను నా నోటితో అనడం అదే మొదటిసారి.