మేస్త్రిగారి అమ్మమ్మ

ప్రపంచంలో ఏ మూల పాటైనా వినిపించండి, రెండు లైన్లు కాకముందే మా మేస్త్రి తొడ చరిచి, "అరె, ఇది మా అమ్మమ్మ పాటే!" అనేవాడు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే.

ఆయన వాయిద్యాలు బాగుచేస్తాడు. కింద షాపు, పైన గది. ఆ గదిలో తీగలు తెగిన వయొలిన్లు, తోలు ఊడిన డోళ్ళు, మధ్యలో మేం ఎనిమిది మందిమి. ఆదివారం నాలుగింటికల్లా చేరి, దేశదేశాల జానపదాలు పెట్టుకుని వింటూ కొట్టుకునేవాళ్ళం. నేను రిటైరైన బడిపంతుల్ని. నాకు వాయించడం రాదు, వాదించడం వచ్చు.

ఓసారి మా బావ (డోలు వాయిస్తాడు లెండి) ఎడారిలో ఒంటెలవాళ్ళ పాట పెట్టాడు.

"మా అమ్మమ్మదే!"

"మీ అమ్మమ్మ ఒంటె ఎక్కిందా మేస్త్రీ?"

"ఎక్కలేదు బావగారూ. దిగేటప్పుడు పాడేది."

ఒకే గొంతులోంచి ఒకేసారి రెండు స్వరాలు తీసే కొండవాళ్ళ పాట పెట్టాన్నేను, ఇప్పుడేమంటాడో చూద్దామని. "జలుబు చేస్తే అచ్చం ఇలాగే పాడేది పాపం," అన్నాడు. పైగా తనూ అందుకునేవాడు. శ్రుతి ఒక ఊళ్ళో, తాళం ఇంకో ఊళ్ళో!

నలభై ఏళ్ళు తప్పులు దిద్దిన చెయ్యి, ఊరుకుంటుందా? నేనే ఓ పిచ్చి ట్యూను కట్టి, ఫోన్లో మూలిగి, "ఏదో దీవిలో జాలర్ల పాటట," అని వినిపించాను. మేస్త్రి తొడ చరిచాడు.

"మా అమ్మమ్మ పాటే!"

"కాదు మేస్త్రీ, నిన్న మా స్నానాల గదిలో పుట్టింది!"

గదంతా విరగబడి నవ్వింది. మేస్త్రీ నవ్వాడు. కానీ మూడు నెలలపాటు ఆయన నోట అమ్మమ్మ మాట రాలేదు. మూల కూర్చుని వయొలిన్ బిరడాలు బిగించుకునేవాడు.

సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన వచ్చాడు. దూరదేశం వాడు, ఓడలో వంటవాడు. మర్నాడే ప్రయాణం. మీ ఊరి పాటొకటి పాడమన్నాం. సిగ్గుపడుతూ రెండు లైన్లు పాడి, మా మొహాలు చూసి ఆగాడు. మేం మర్యాద అనుకుని బిగుసుకుని కూర్చున్నాం. "మిగతాది గుర్తులేదు," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను మెట్లు దిగుతుంటే మేస్త్రి భార్య అడ్డం వచ్చింది.

"ఏం మాస్టారూ, మా ఆయన నోరు కట్టేశారుగా?"

"అబద్ధాలాడితే ఎలాగమ్మా? వాళ్ళ అమ్మమ్మ..."

"ఏ అమ్మమ్మ? ఈయన పుట్టేసరికే ఆవిడ లేదు. కొత్తవాళ్ళు బిక్కచచ్చిపోతే, ఈయన ఆ పాట నాదంటూ తప్పుగా పాడతాడు. వాళ్ళకి రోషమొచ్చి, అలా కాదు ఇలా అని మొత్తం పాడేస్తారు."

"మరి రికార్డులకి కూడా అంటాడేం?"

"అన్నిటికీ అంటుంటేనే కదా, కొత్తవాళ్ళ కోసం వేసే ఎత్తని ఎవరూ పసిగట్టరు! మీరు మొదటిరోజు ఎలా పాడారో మర్చిపోయారా?"

గుర్తొచ్చింది. మా అమ్మ బట్టలుతుకుతూ పాడే పాట. రెండు లైన్లకే ఆగిపోయాను. మేస్త్రి తనదంటూ దాన్ని ఖూనీ చేస్తుంటే, "ఆపండి, అది మా అమ్మది!" అని లేచి చివరిదాకా పాడాను. ఆ గదిలో నాకో కుర్చీ పడింది ఆ రోజే. అది కూడా మర్చిపోయాను చూడండి!

పై ఆదివారం ఒక కొత్త నర్సమ్మ వచ్చింది. జోలపాట సగంలో తడబడింది. మేస్త్రి తలెత్తలేదు. నేనే తొడ చరిచాను. "అరె, ఇది మా అమ్మమ్మ పాటే!" అని ఎత్తుకున్నాను.

"అయ్యో, అలా కాదండీ!" అని ఆ పిల్ల మొత్తం పాడేసింది.

మేస్త్రి అప్పుడు తలెత్తాడు. "మాస్టారూ, మీ అమ్మమ్మకి తాళం తెలీదు."

"మీ అమ్మమ్మ దగ్గరేగా నేర్చుకుంది!"

అమ్మమ్మ తిరిగొచ్చింది. ఓడ మాత్రం రాలేదు. ఇప్పటికీ ఆ వంటాయన రెండు లైన్లతోనే మా ఆదివారం మొదలవుతుంది. మూడో లైను మేస్త్రి సొంతంగా కట్టి, తలుపు బార్లా తీసి, తప్పుగా, గట్టిగా పాడతాడు. దిద్దడానికి ఎవరైనా మెట్లెక్కి వస్తారేమోనని.