హజరత్తయ్య ఇంట్లో పదో గది

మా హజరత్తయ్యన్నకు తెరిచిన తలుపు కనిపిస్తే ప్రాణం నిలవదు. ముప్ఫై ఏళ్లు జువ్వలదిన్నెలో ఐసు ఫ్యాక్టరీ నడిపిన మనిషి. "తలుపెయ్, చల్లదనం పారిపోతాది!" అన్నది ఆయన నోట నమస్కారం కంటే ముందొస్తుంది. కూతురు వాణి పెళ్లిలో ఏసీ హాలు తలుపులు మూయించేస్తే మగపెళ్లివాళ్లు బాజాలతో సహా ఎండలో నిలబడిపోయినారు.

బోగోలులో ఆయనది పాత మిద్దె. ఐసు బాగా అమ్ముడైన రోజుల్లో ఒకే పెద్ద ఏసీ మిషను పెట్టి తొమ్మిది గదులకూ గొట్టాలు వేయించినాడు. వేస్తే అన్ని గదులూ చల్లబడాలి, లేకుంటే ఏదీ లేదు. ఉండేదేమో ఆయనా, పెళ్లాం వెంకటశేషమ్మక్కా. ఆ మిషను గుర్రుమంటే చాలు, అదే ట్రాన్స్‌ఫార్మరుకు చివరనున్న మా కాలనీలో ఫ్యాన్లు నీరసించేవి. ఫ్యాన్లు పోతే పోయినాయి. రెబెక్కమ్మకు ఊపిరందించే ఆక్సిజన్ మిషను ఓల్టేజీ పడితే ఆగిపోయేది. ఆమె ఒకప్పుడు అన్న ఫ్యాక్టరీలోనే ఐసు దిమ్మెలు పగలగొట్టిన మనిషి. మిద్దెలన్నీ తాగినాక మిగిలిన కరెంటు కాలనీకట! కాలనీకి వేరే ట్రాన్స్‌ఫార్మరు కావాలని మూడు అర్జీలు పెట్టినాం.

పోయిన వేసవిలో వాణి వచ్చి ఆ పాత ఏసీకి కొత్త తెలివి పెట్టించింది. గొట్టాల్లో మోటారు తలుపులు, గదికొక మీట, పెత్తనమంతా ఫోన్లో. ఎన్ని గదులు మూస్తే మిషను అంత నెమ్మదిస్తుంది.

కూర్చున్నచోటి నుంచే తొమ్మిది తలుపులు మూయొచ్చు! అన్నకు ఇంక అన్నం కూడా అక్కర్లేకపోయింది. వెంకటశేషమ్మక్క హాల్లో కునుకు తీస్తుంటే టప్పున గాలి ఆగిపోయేది.

"ఏమయ్యా, ఉడికిపోతా ఉండా!"

"హాలు మూసినా. చిన్నగదిలోకి రా."

"దాన్నిండా బియ్యం బస్తాలుండాయి."

"ఉంటే ఏంది? అవేమన్నా నీతో తగాదాకొస్తాయా?"

చుట్టాలొచ్చినా అంతే, అందర్నీ చిన్నగదిలోకి తోలేవాడు. వియ్యంకుడు బస్తా మీద కూర్చునే కాఫీ తాగినాడు. ఊరంతా పిసినారి అన్నది. నేనూ అన్నా, ఆయన మొహం మీదే అన్నా.

ఒక మధ్యాహ్నం నాలుగో అర్జీ పట్టుకుని పోయినా. గడప దాటకముందే కేక, "తలుపెయ్!"

"వేసినా. నీ ఏసీ దెబ్బకు రెబెక్కమ్మ ఊపిరి ఆగేట్టుంది. దీని మీద సంతకం పెట్టన్నా."

ఆయన ఫోను నా చేతికిచ్చి కళ్లద్దాలు వెతుక్కున్నాడు. తెర మీద గదుల పేర్లు. హాలు, వంటిల్లు, పడగ్గది... మొత్తం పది. పదోదాని పేరు రెబెక్కమ్మ.

"ఇదేందన్నా?"

"ఆమె మిషను దగ్గర వాణి ఒక ప్లగ్గు పెట్టింది. అక్కడ ఓల్టేజీ పడితే ఇక్కడ ఫోను కూస్తాది. నేను గదులు మూస్తా. ఓల్టేజీ లేచిందాకా తెరవను."

వంటింటి గుమ్మంలో అక్క చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. "ఆ ముక్క నాకు చెప్పొచ్చు కదయ్యా!"

"నీకు చెబితే పొద్దుగూకేలోపల ఆమెకు చేరతాది. మనకు ఉక్కపోస్తా ఉందని తెలిస్తే ఆమె మిషను ఆపుకుంటాది. ఆ ప్లగ్గు మిషను కాలిపోకుండా పెట్టిందని ఆమెతో చెప్పినాం, అట్నే ఉండనీ."

నాకు సిగ్గేసింది. అయినా అర్జీ మాత్రం మడవలేదు. "నువ్వు ఊళ్లో లేనిరోజు ఆమె గతేందన్నా?"

ఆయన నా చేతిలోని అర్జీ లాక్కున్నాడు. సంతకం పెట్టి, లేచి చొక్కా తొడుక్కున్నాడు.

కరెంటాఫీసులో ఇంజినీరుగారి గదిలోకి అక్కతో సహా పదిమందిమి పోయినాం. మంచి ఏసీ గది. ఆయన అర్జీ పక్కన పెట్టి, "పైనుంచి రావాలండీ, మళ్లీ కనపడండి" అంటా లేవబోయినారు.

హజరత్తయ్యన్న తలుపు మూసి, దానికి ఆనించి కుర్చీ వేసుకున్నాడు. "కూర్చోండి సార్. కాగితం కదిలిందాకా ఈ తలుపు తెరిచేది లేదు. చల్లదనం పారిపోతాది."

ఈసారి గడియ పెట్టింది వెంకటశేషమ్మక్క. ఇంజినీరుగారు పెన్ను తీసినారు.