అక్కయ్యగారి మడతకుర్చీ

అక్కయ్యగారు వేసిన ఒక్క కేకకు ప్రవచనాల హాలు పైకప్పు లేచి రెండు వీధుల అవతల పడింది. నమ్మనివాళ్లు చదువు మరీ ఎక్కువైనవాళ్లు. ఆమె, కిందటేడు కాలం చేసిన స్వామివారికి సొంత అక్క. మనిషి పిడికెడు, నోరు ఊరంత. ప్రతి ఆదివారం ఇంటినుంచి మడతకుర్చీ చంకన పెట్టుకొచ్చి, వెనక గోడవారగా వేసుకుని, తమ్ముడి గురించి ఎవరేం చెబుతున్నారో చెవులు రిక్కించి వింటారు. మొన్న ఆయన పీఠమెక్కిన శిష్యుడు, "గురువుగారు పుట్టుకతోనే కోపం ఎరగని శాంతమూర్తి" అన్నాడు. అక్కయ్యగారు లేచి మోచెయ్యి చూపించారు.

"ఇదిగో, వాడి పంటిగాటు! జామకాయ ఇవ్వలేదని కరిచాడు."

"అమ్మా, ఇలాగైతే మీరిక రావద్దు," అన్నాడు శిష్యుడు.

ఆమె కుర్చీ ఎత్తుకెళ్లి సరిగ్గా అతని ఎదుటే వేసుకున్నారు. "ఆ కోపాన్ని అణచుకోవడానికి వాడు జీవితమంతా నానా యాతనా పడ్డాడు నాయనా. పుట్టుకతోనే లేదంటే, వాడి కష్టమంతా ఏ గంగలో కలుపుతావ్? నేను వస్తా. ప్రతి వారం వస్తా."

ఆ మాటకు హాలు హాలంతా ఆమె కాళ్లమీద పడిందన్న కథ వీధి వీధీ తిరిగి, చివరికి ఆమె చెవినా పడింది.

"ఎవరూ పడలేదు, పైకప్పూ లేవలేదు. ముందువరసలో ఒకాయన కాస్త జరిగి చోటిచ్చాడు, అంతే."