ఆ పలక సంగతి ఒక్కటే అడగలేదు

తొంభైల చివర్లో కొండాపూర్‌లో నాకు కార్లకు రంగులేసే షెడ్డు ఉండేది. చుట్టూ అద్దాల మేడలు లేస్తున్న రోజులు. ఒక పొద్దున పొడవాటి ట్రాలీ మీద ఒక రెక్క వచ్చింది. ఇంజన్ లేని విమానానిది. తెచ్చినాయన రిటైరైన ఇంజనీరు, కోస్తా మనిషి. పాతది కొని, తానే ఎగరడానికి బాగు చేసుకుంటున్నాడు.

"మెరుపు వద్దండి మేస్త్రీ. రెక్క మీద అలలు పోవాలి," అన్నాడు. గాలి రెక్కను అంటుకుని నున్నగా పారాలట. వెంట్రుకంత ఎత్తు అడ్డమొచ్చినా చెదిరి వెనక్కి లాగుతుందట.

పల్చటి గుడ్డ పరిచి దాని మీద అరచేయి జరిపాను. ఉత్త చేతికి అందని ఎగుడుదిగుళ్లు గుడ్డ మీంచి అందుతాయి. మూడు చోట్ల సుద్దతో గీశాను. ఆయన ముల్లున్న కొలత పరికరం పెట్టి చూశాడు. అవే మూడు చోట్లు. ఆ రోజు నుంచి నేనేం అడిగినా విసుక్కోలేదు.

"గాలిల ఎంత దూరం పోతది సార్?"

"కిలోమీటరు ఎత్తు నుంచి వదిలితే నలభై కిలోమీటర్లండి."

"అంటే మన షెడ్డు మీద వదిలితే ఘట్‌కేసర్ దాంక! నడుమల దిగకుండ?"

"వేడిగాలి తగిలితే మళ్లీ పైకి లేస్తుంది. అదిగో, ఆ గద్దలా."

ఎదుట ఎండకు కాగిన బండల పైన గద్ద రెక్క ఆడించకుండా తిరుగుతోంది. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. అక్కడే ఎందుకు తిరుగుతుందని ఎప్పుడూ ఆలోచించలేదు.

మరునాడు ఇంకో వింత చెప్పాడు. రెక్కల లోపల నీళ్లు నింపుతారట.

"తేలేదానికి బరువేంది సార్? గిదేం పిచ్చి?"

"బరువు పెరిగినా పోయే దూరం దాదాపు అంతేనండి. వేగం పెరుగుతుంది. దిగేముందు నీళ్లు వదిలేస్తాం."

నిజమే అనిపించింది. బియ్యం మూట కట్టిన సైకిలు దిగుడులో ఎలా ఉరుకుతుందో నాకు తెలుసు.

రెక్క వెనక అంచున మడత బందుల మీద కదిలే సన్నటి పలక ఒకటి ఉంది. "దాన్ని ముట్టుకోకండి," అని చెప్పి ఆయన రెండు రోజులు ఊరెళ్లాడు. అన్నీ అడిగిన నేను ఆ ఒక్కటి ఎందుకని అడగలేదు. నున్నటి రెక్క పక్కన గుంటలు పడ్డ పలక నా కంటికి నచ్చలేదు. లప్పం పట్టించి, రుద్ది, రెండు పూతల రంగు వేశాను. అద్దంలా వచ్చింది.

ఆయన వచ్చి రెక్కను ట్రాలీకి కడుతుంటే అడిగాను.

"సార్, నీళ్ల లెక్కనే నా లప్పానికి గూడ జర వేగం పెరుగుతదా?"

నవ్వాడు. "ఎక్కడ పెట్టారండి?"

చూపించాను. నవ్వు ఆగిపోయింది.

పలకను విప్పి, బందుల వైపు ఆనించి, వెనక అంచును తక్కెడ మీద పెట్టాడు. తన పుస్తకంలో అంకె చూశాడు.

"నీళ్లు రెక్క లోపల కదలకుండా ఉంటాయండి. ఇది కదిలే ముక్క. వెనక బరువెక్కితే వేగంలో జెండాలా కొట్టుకుంటుంది. రెక్కే విరిగిపోవచ్చు."

"నేను అడగకుంటే?"

"ఎల్లుండి దీంతోనే ఎగిరేవాణ్ణి."

ఆ రోజంతా నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితంతో ఆ లప్పం గీకాను. గీకడం, తూచడం. సాయంత్రానికి అంకె పుస్తకంలో ఉన్నచోటికి వచ్చింది, గుంటలన్నీ మళ్లీ బయటపడ్డాయి. నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. పుస్తకం అడిగి తీసుకుని నెమ్మదిగా రాశాను: "లప్పం నేనే పెట్టిన. నేనే తీసిన."

నెల తర్వాత వచ్చాడు, ముక్కు ఎండకు కమిలిపోయి.

"పలక కొట్టుకున్నదా సార్?"

"లేదండి. కాస్తయినా వణకలేదు."

అప్పుడు అడిగాను, ఎంత దూరం పోయిందని.